పొట్టేలు మాంసం నేరుగా ఇళ్లకే అమ్మితే లెక్క తప్పింది, ఎక్కడ పొరపాటు?

ప్రశ్న:
మాకు 40 దాకా పొట్టేళ్లున్నాయి. ఇన్నాళ్లూ బేరగాళ్లు వచ్చి, నడుం మీద చెయ్యేసి నొక్కి చూసి, నోటికొచ్చిన రేటు చెప్పి తోలుకుపోయేవాళ్లు. విసుగొచ్చి ఈసారి ఒకటి కోయించి చుట్టుపక్కల ఇళ్లకి నేనే అమ్మాను. బతికుండగా 30 కిలోలు తూగింది కదా అని ధర కట్టుకుంటే తల, కాళ్లు, తోలు, పేగులు పోను 14 కిలోలు కూడా రాలేదు. పైగా తొడ మాంసం గంటలో అయిపోయింది, మెడ, పక్కటెముకలు నాకే మిగిలాయి. ఒకావిడైతే ఎంత ఉడికించినా గట్టిగానే ఉంది, ముసలిదాన్ని కోశావా అని ఫోన్ చేసింది. ఏడాది కూడా నిండలేదండీ దానికి!

జవాబు 1:
30కి 14 అంటే తక్కువేం కాదు. గొర్రెకైనా మేకకైనా సగానికి కాస్త అటూఇటూ అంతే వస్తుంది. మీరు మేసొచ్చాక తూచి ఉంటారు, పొట్టలో ఉన్న గడ్డీ నీళ్లే రెండు మూడు కిలోలుంటాయి. ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టి, పొద్దున్నే తూచండి. పొట్ట ఖాళీగా ఉంటే కోసేటప్పుడు పేగు తెగి మాంసానికి అంటుకునే టెన్షన్ కూడా తగ్గుతుంది. ధర మాత్రం చేతికొచ్చే మాంసం మీదే కట్టాలి, కోత కూలీ, కవర్లు, కరెంటు అన్నీ అందులోనే వేసుకోవాలి.

జవాబు 2:
గట్టిగా ఉందన్నారు కదా, కోసిన వెంటనే ఫ్రీజర్లో పెట్టేశారా?

ప్రశ్న వేసినవారు:
అవునండీ, పాడవుతుందన్న భయంతో వేడి తగ్గకముందే ముక్కలు కొట్టించి డీప్ ఫ్రీజర్లో పెట్టాను. కరిగాక గిన్నె నిండా ఎర్రనీళ్లు కారాయని కూడా ఆవిడ చెప్పింది.

జవాబు 2:
అదే మరి. కోసిన కొన్ని గంటలకి కండ బిగుసుకుంటుంది, తర్వాత నెమ్మదిగా సడలుతుంది. బిగుసుకోకముందే గడ్డకట్టిస్తే, కరిగేటప్పుడు ఒక్కసారిగా ముడుచుకుపోయి రబ్బరులా అవుతుంది, నీళ్లూ కారిపోతాయి, పిల్లదైనా సరే. ముందు వేడి ఆరనిచ్చి, 0 నుంచి 4 డిగ్రీల్లో ఒక రోజు అలా వేలాడదీసి, అప్పుడు ముక్కలు కొట్టించండి. నిల్వకైతే ఆ తర్వాతే -18కి వెళ్లాలి. ఇంకోటి, పట్టుకోడానికి దొడ్డంతా తరమకండి. బెదిరి అలసిపోయినదాని మాంసం నల్లబడుతుంది, త్వరగా పాడవుతుంది.

జవాబు 3:
నేనైతే పొట్టేలంతా అమ్ముడుపోయేదాకా కత్తి పట్టనివ్వను. అడ్వాన్సు తీసుకోండి, మొహమాటపడితే మెడ ముక్కలు మళ్లీ మీరే తినాలి. తొడ, జబ్బ, పక్కటెముకలు, మెడ అన్నీ కలిపి ఒకే వాటాగా కట్టండి, ఏరుకోవడం లేదని ముందే చెప్పేయండి. నులిపురుగుల మందో ఇంజక్షనో ఇచ్చి ఉంటే ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద ఉంటుంది, అది దాటాకే కోయాలి. అమ్మకానికి లైసెన్సు, పశువైద్యుడి తనిఖీ మీ దగ్గర ఎలా ఉన్నాయో కనుక్కోండి, రేపు ఎవరికైనా కడుపు నొప్పొస్తే ముందు మీ మీదికే వస్తారు.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్సండీ. వచ్చే వారానికి పది వాటాలనుకుంటే ఏడుగురు డబ్బులిచ్చారు, మిగతా మూడూ తేలాకే కోయిస్తాను. ఇక్కడో చిక్కు, ఉన్నది ఒక్క కార్జం, నాకే కావాలని నలుగురు పట్టుబట్టారు.