అప్‌డేట్: స్పోర్ట్స్ కారు చెన్నై పోర్టు నుంచి తిరుపతి చేరింది

ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న కొత్త కారు చెన్నైలో కస్టమ్స్ దాటాక స్టార్ట్ కావడం లేదనీ, తిరుపతికి ఎలా తేవాలనీ పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఫ్యూయల్ పంపు అనుకుని పడ్డ టెన్షనంతా దండగ. వారాల తరబడి ఓడలో ఉండి 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయిందంతే. మెకానిక్ ఛార్జింగ్ పెట్టాక స్టార్టయింది. అయినా నడపలేదు. రిజిస్ట్రేషన్ కాలేదు, పైగా పుత్తూరు మీదుగా ఎన్ని స్పీడ్ బ్రేకర్లో! మీరన్నట్టే ట్రక్కులో తెప్పించాను.

అసలు చిక్కు మా గేటు దగ్గర. ర్యాంపు ఎక్కుతుంటే ముందు బంపర్ కింది అంచు గర్రుమని గీసుకుంది. ఇక్కడ ఒకరు చెప్పినట్టు రెండు చెక్క పలకలు వేసి, బండిని కాస్త ఐమూలగా ఎక్కిస్తే లోపలికి పోయింది.

బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌లో దాఖలు చేసే దిగుమతి పత్రం) జాగ్రత్తగా దాచుకోండి, రిజిస్ట్రేషన్‌కి అది కావాలి. అలిపిరిలో పూజ, టైర్ల కింద నిమ్మకాయలు కూడా అయ్యాయి.