ఇల్లు ఇప్పుడే తన పేరున రాసేయమంటున్నాడు అన్నయ్య, నాన్నకి ఏం చెప్పాలి?

పెరటిజామ:
మాది తెనాలి దగ్గర ఊరు. నాన్నకి 74, అమ్మకి 69. నాన్న రిటైరయినప్పుడు వచ్చిన డబ్బుతో కట్టిన ఇల్లు, తాత నుంచి వచ్చిన ఎకరన్నర పొలం, బ్యాంకులో కాస్త ఎఫ్‌డీ, ఇంతే ఆస్తి. అన్నయ్య వాళ్లతోనే ఉంటాడు, నేను హైదరాబాద్‌లో. "రేపు ఏదైనా అయితే ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు, ఇప్పుడే దఖలు (బతికుండగానే ఆస్తి ఇచ్చేసే దస్తావేజు) రాసేయండి, సొంతవాళ్లకైతే స్టాంపు ఖర్చు కూడా తక్కువే" అంటున్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు, బాగానే చూసుకుంటున్నాడు. కానీ మా వీధిలోనే ఒకాయన ఇలాగే రాసిచ్చి ఇప్పుడు మెట్ల కింద గదిలో ఉంటున్నాడు, అది చూసినప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. నేను నోరెత్తితే వాటా కోసం అంటారు. ఏం చేయమంటారు?

పాతదస్తావేజు:
తొందరపడొద్దమ్మా. దఖలు రిజిస్టరయితే ఇల్లు చేయి దాటినట్టే, తర్వాత మీ నాన్నగారు ఒక్కరే వెళ్లి రద్దు చేయించుకోలేరు. 2007లో వచ్చిన వృద్ధుల చట్టం ఉంది కదా అంటారు. ఉంది, అందులో 23వ సెక్షన్ ప్రకారం చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే ఆ దస్తావేజు చెల్లదని ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. మా దస్తావేజు రైటర్లు "ప్రేమాభిమానాలతో ఇచ్చితిని" అని పాత నమూనా దించేస్తారు, షరతు ఊసే ఉండదు (నేనూ చాలా ఏళ్లు అలాగే దించాను, దాచేదేముంది). షరతు ఉందని చూపించాల్సిందేనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది గానీ, అక్కడ చూసుకుంటానని కొడుకు రాసిన కాగితం ఉంది. అందుకే రాయక తప్పకపోతే తిండి, మందులు, ఆ ఇంట్లోనే నివాసం అని విడివిడిగా రాయించండి.

గోదారిగట్టు:
అసలు దఖలు ఎందుకండీ, వీలునామా రాస్తే సరిపోదా? దానికి స్టాంపు డ్యూటీ లేదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, నాన్నగారు ఉన్నంతకాలం ఇల్లు ఆయనదే. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించేయండి, మంచంలో ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికి రావడానికి కూడా చట్టంలో వీలుంది. అదే రోజు డాక్టరు దగ్గర మతి స్థిమితంగా ఉందని సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకోండి, రేపు గొడవ వస్తే మొదట అడిగేది అదే. ముఖ్యంగా, నాన్నగారి తర్వాత అమ్మకి జీవితాంతం హక్కు, ఆమె తదనంతరమే పిల్లలకి అని రాయించండి. అందరూ మర్చిపోయేది అమ్మనే. పొలం మాట వేరు, పంపకాల్లో వచ్చిందా, తాతగారు వీలునామా రాసిచ్చారా అన్నదాన్ని బట్టి మీ వాటా కూడా అందులో ఉండొచ్చు, కాగితాలు లాయరుకి చూపించాకే దాని సంగతి.

రెండోషిఫ్టు:
అందరూ పోయాక సంగతే మాట్లాడుతున్నారు, మంచాన పడితే? మా నాన్నకి పక్షవాతం వచ్చింది, డబ్బంతా ఆయన ఒక్కరి పేరునే ఉంది, సంతకం పెట్టలేరు. నామినీని నేనే కదా అని బ్యాంకుకెళ్తే, నామినీకి మనిషి పోయాకే పని అన్నారు, పైగా అప్పుడైనా నామినీ డబ్బు తీసుకుని వారసులకి ఇవ్వాల్సినవాడే తప్ప ఓనరు కాదట. జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టమని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) కూడా, ఇచ్చినవాళ్లకి మతి ఉన్నంతవరకే పనికొస్తుంది. చివరికి గార్డియన్‌గా పెట్టమని హైకోర్టు దాకా వెళ్లాం, హాస్పిటల్ బిల్లులు ఈలోగా అప్పు చేసి కట్టాం. ఈ వారమే అమ్మగారి పేరు కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఖాతా మార్పించండి. వీలునామా వచ్చే నెలైనా రాసుకోవచ్చు.

పెరటిజామ:
అందరికీ థాంక్స్. ఆఫీసుల చుట్టూ తిరగడమే అన్నయ్య భయమైతే వీలునామాతో తీరిపోతుందని అమ్మ చేతే చెప్పిస్తాను, నేను చెప్తే వేరేగా ఉంటుంది. సాక్షిగా మా మేనమామ పనికొస్తాడా? ఆయనకి 78.

పాతదస్తావేజు:
వద్దమ్మా. రేపు కోర్టులో నిలబడి చెప్పాల్సింది సాక్షే. ఆస్తితో సంబంధం లేని, నాన్నగారి కన్నా బాగా చిన్నవాళ్లని ఇద్దర్ని చూసుకో.