పిల్లల సంరక్షణ కేంద్రం పెడదామంటే ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోవట్లేదు, ఏ లెక్క చూపించాలి?

మాది షిఫ్టుల్లో నడిచే ఫ్యాక్టరీ, నేను హెచ్‌ఆర్‌లో ఉన్నాను. మొదటి షిఫ్టు ఉదయం 7కి. దగ్గర్లోని పిల్లల సంరక్షణ కేంద్రం తెరిచేది 8:30కి. మూడేళ్లలోపు పిల్లలున్నవాళ్లు (తల్లులే కాదు, తండ్రులు కూడా) ఆలస్యంగా వస్తున్నారు, లేదా చెప్పాపెట్టకుండా ఆ రోజు పనికి రావట్లేదు. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు.

ఆ కేంద్రాన్ని షిఫ్టు మొదలయ్యేలోపే తెరిపించి చూశాం. కానీ అక్కడ పదిమంది పసివాళ్లకు ఒక్కరే ఆయా, ఆమె కూడా తరచూ మారిపోతుంది. పిల్లలు కొత్త ముఖం చూసి గుక్కపట్టి ఏడుస్తారు. ఇక్కడ తల్లి మెషీన్ ముందున్నా ధ్యాసంతా ఫోన్ మీదే. అలాంటి సంరక్షణ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. షిఫ్టులు మారిస్తే మిగతావాళ్లు గొడవ చేశారు.

అందుకే ఫ్యాక్టరీలోనే మంచి కేంద్రం పెడదామని ప్రతిపాదన ఇచ్చాను. అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లల కోసం 1962లో మొదలైన పెరీ ప్రీస్కూల్ కార్యక్రమంపై ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం కట్టిన లెక్క (ఏటా 7 నుంచి 10 శాతం రాబడి) చూపించాను. "అది సమాజానికి ఏళ్ల తర్వాత వచ్చే లాభం, మనకేంటి?" అన్నారు. ఆ మాటా కొట్టిపారేయలేను.

హాజరు, రాజీనామాలు, ఓవర్‌టైమ్, కొత్తవాళ్ల శిక్షణ ఖర్చు వివరాలు నా దగ్గరున్నాయి. చిక్కల్లా ఒకటే: సెలవు ఫారంలో అందరూ 'సొంత పని' అనే రాస్తారు, అందుకే ఏ సెలవు పిల్లల కోసం పెట్టిందో తేల్చలేను.

మీ సంస్థలో ఇలాంటి కేంద్రం పెట్టించినవాళ్లుంటే చెప్పండి: మొదటి ఏడాదిలోనే తేడా కనిపించేలా దేన్ని, ఎలా కొలిచి యాజమాన్యాన్ని ఒప్పించారు?