గిటార్ ట్యాబ్‌లో పై గీత ఏ తీగ? కొత్తవాణ్ణి, కొంచెం చెప్పండి

కొత్తతీగ:
హాయ్ అందరికీ. అకౌస్టిక్ గిటార్ కొనుక్కుని ఇంట్లోనే నేర్చుకుంటున్నా, నాలుగైదు కార్డ్స్ వచ్చాయి, ఇప్పుడు పాటల మధ్యలో వచ్చే బిట్లు వాయిద్దామని ట్యాబ్స్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో చూపించే రాత) ఓపెన్ చేశా. ఆరు గీతలు, వాటి మీద అంకెలు, అంతవరకు ఓకే. కానీ గిటార్ ఒళ్లో పెట్టుకుంటే పైనుండేది లావు తీగ కదా, మరి ట్యాబ్‌లో పై గీత లావుదా సన్నదా? ఇంకోటి, ఏ నోటు ఎంతసేపు మోగాలో ఎక్కడా రాయట్లేదు, అదెలా తెలుస్తుంది?

ఆరుతీగలు:
పై గీత సన్న తీగే తమ్ముడూ. పై నుంచి కిందికి ఇ, బి, జి, డి, ఏ, ఇ. గిటార్ పట్టుకుని తల వంచి దాని మెడ మీదికి చూడు, నీకు దగ్గర్లో లావు తీగ, అవతల సన్నది కనిపిస్తుంది, ట్యాబ్ అదే వరస. అంకె అంటే ఫ్రెట్ (మెడ మీది మెట్టు) నంబర్, వేలి నంబర్ కాదు, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. 0 అంటే ఏమీ నొక్కకుండా మీటడం. అంకెలు నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉంటే అన్నీ ఒకేసారి.

వీణమెట్లు:
నేను వీణ నుంచి గిటార్‌కి వచ్చాను, నా సలహా ఏంటంటే ముందు తెలిసిన స్వరాలతో మొదలుపెట్టండి. ఏ తీగ మీద 3, డి మీద 0 2 3, జి మీద 0 2, బి మీద 0 1, వరసగా వాయించి చూడండి, చక్కగా శంకరాభరణం ఆరోహణ వస్తుంది, వెస్టర్న్ వాళ్ల సి మేజర్ ఇదే. తప్పు ఫ్రెట్ పడితే చెవికే తెలిసిపోతుంది కాబట్టి చదవడం త్వరగా పట్టుబడుతుంది. అన్నట్టు మీకొచ్చిన డౌట్ సబబైందే, 1500ల్లో ఇటలీలో ల్యూట్ (గిటార్ లాంటి పాత తీగల వాద్యం) ట్యాబ్‌లు మీరనుకున్నట్టే రాసేవాళ్లు, సన్న తీగ కింది గీత మీద. ఫ్రాన్స్ వాళ్లది దానికి తలకిందులు, పైగా ఫ్రెట్లకి అంకెల బదులు అక్షరాలు.

తాళంముఖ్యం:
టైమింగ్ సంగతి నేను చెప్తా. నెట్‌లో దొరికే మామూలు టెక్స్ట్ ట్యాబ్‌లో చాలావరకు అది ఉండదు, అంకెల మధ్య గ్యాప్ చూసి లెక్కేయొద్దు, టైప్ చేసినాయన ఇష్టం అది. పాట స్పీడ్ సగానికి తగ్గించి వింటూ, కాలితో తాళం వేస్తూ, రెండేసి బార్లు (నిలువు గీతలతో విడదీసిన ముక్కలు) పట్టుకో. గిటార్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్ ట్యాబ్ అయితే నోటు నిడివి కూడా చూపిస్తుంది. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే వెస్టర్న్ స్వరలిపి) మొత్తం ఇప్పుడే అక్కర్లేదు గానీ అందులో నిడివి చూపే క్వార్టర్, ఎయిత్ నోట్లు గుర్తుపట్టడం మాత్రం నేర్చుకో, నిజంగా చాలా పనికొస్తుంది.

కొత్తతీగ:
చాలా థ్యాంక్స్ అండీ, శంకరాభరణం ఇప్పుడే వాయించా, వచ్చింది!! కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్) 2 అని ఉంటే అంకెలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి?

ఆరుతీగలు:
కాపో పెట్టిన చోటే 0. ట్యాబ్‌లో 3 అని ఉంటే అసలు గిటార్ మీద 5వ ఫ్రెట్. అలాగే పైన ట్యూనింగ్ ఏం రాశారో కూడా చూసుకో, డ్రాప్ డి అని ఉంటే లావు ఇ తీగని డి దాకా దించాలి, లేకపోతే అంకెలన్నీ కరెక్ట్‌గా నొక్కినా ఆ తీగ మీద నోట్లు తేడాగానే వినిపిస్తాయి.