ఆర్మీలో చేసి వచ్చినవాళ్లు కూడా గన్ క్లాసులో కూర్చోవాలా? (ఇల్లినాయ్)

అరోరా_నాన్న
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. హైస్కూలు అవగానే ఆర్మీలో చేరి, నాలుగేళ్లు చేసి, ఆనరబుల్ డిశ్చార్జితో, అంటే మంచి రికార్డుతో విడుదలై, పోయిన నెల ఇంటికొచ్చాడు. ఇప్పుడు కన్సీల్డ్ క్యారీ లైసెన్సు కావాలంటున్నాడు. అంటే పిస్టల్ బయటికి కనపడకుండా బట్టల కింద పెట్టుకుని తిరగడానికి ఇచ్చే లైసెన్సు. ఇల్లినాయ్‌లో దానికి 16 గంటల ట్రైనింగ్ ఉంది. మిలిటరీలో చేసినవాళ్లకు 8 గంటలు తగ్గిస్తారు. మిగతా 8 గంటలు మాత్రం కూర్చోవాల్సిందే, షూటింగ్ టెస్టు పాసవ్వాల్సిందే. వాడికి కోపం వచ్చింది. "నాలుగేళ్లు తుపాకీ మోసినవాడికి తుపాకీ పట్టుకోవడం నేర్పుతారా నాన్నా?" అన్నాడు. నాకూ అన్యాయమే అనిపిస్తోంది. ఆ 8 గంటలు కూడా మాఫీ చేయాలా, వద్దా? మీరేమంటారు?

మిల్వాకీ_మామ
చేయాలి. ఇందులో రెండో మాట లేదు. మా విస్కాన్సిన్‌లో 2011లో క్యారీ చట్టం వచ్చినప్పటి నుంచీ మిలిటరీ డిశ్చార్జి కాగితం చూపిస్తే చాలు, ట్రైనింగ్ అయినట్టే. మీకు అటుపక్కన ఇండియానాలో 2022 జూలై నుంచి చాలామందికి అసలు లైసెన్సే అక్కర్లేదు. మనిషి అతనే, పిస్టల్ అదే. మధ్యలో ఉన్న మీ రాష్ట్రంలోకి అడుగుపెట్టగానే చేతకానివాడైపోతాడా? పైగా క్లాసు ఫీజు, రేంజి (కాల్చడం ప్రాక్టీసు చేసే చోటు) ఖర్చు, తూటాల ఖర్చు, రాష్ట్రానికి కట్టే 150 డాలర్లు అదనం. దేశానికి నాలుగేళ్లు ఇచ్చిన కుర్రాడి దగ్గర మళ్లీ డబ్బు వసూలు చేయడం నాకు నచ్చదు.

సప్లై_సార్జెంట్
నేను మాజీ సైనికుణ్ని. అమెరికా ఆర్మీ 2009 నుంచి 2016 దాకా మావ్ని అనే స్కీము నడిపింది. తమకు అవసరమైన భాషలు వచ్చిన విదేశీయులను అందులో చేర్చుకునేవారు. నేను అలా చేరి ఆరేళ్లు చేశాను. నా అభిప్రాయం మిల్వాకీ మామగారికి పూర్తిగా వ్యతిరేకం.

బేసిక్ ట్రైనింగ్‌లో మాకు ఇచ్చింది ఎం4 రైఫిల్. 50 మీటర్ల నుంచి 300 మీటర్ల దూరం దాకా 40 టార్గెట్లు లేస్తాయి. 23 పడగొడితే పాస్. అది భుజానికి ఆనించి కాల్చే ఆయుధం. పిస్టల్ వేరు. నా పని సప్లైలో, సామాన్లు లెక్కపెట్టి సంతకాలు పెట్టించుకోవడం. ఆరేళ్లలో పిస్టల్ నా చేతికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఆర్మీలో పిస్టల్ అందరికీ ఉండదని బయటివాళ్లకు తెలియదు.

ఇంకో విషయం. "నాలుగేళ్లు తుపాకీ మోశాడు" అన్నారు కదా, అమెరికాలో క్యాంపులో ఉన్నప్పుడు ఆ రైఫిల్ మన దగ్గర ఉండదు. ఆర్మ్స్ రూములో తాళం వేసి ఉంటుంది. రేంజికి వెళ్లేటప్పుడు సంతకం పెట్టి తీసుకుంటాం, వచ్చాక శుభ్రం చేసి అప్పజెబుతాం. రేంజి నుంచి కదిలేముందు ఒక్కొక్కరం జేబులు బయటికి లాగి చూపించి "నో బ్రాస్, నో ఆమో, సార్జెంట్" అని గట్టిగా చెప్పాలి. ఒక్క ఖాళీ షెల్ కూడా జేబులో మిగలకూడదు. ఎప్పుడు లోడ్ చేయాలో, ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో పక్కన ఒకరు నిలబడి చెబుతారు. కన్సీల్డ్ క్యారీ దీనికి సరిగ్గా ఎదురు. లోడ్ చేసిన పిస్టల్ నడుముకు పెట్టుకుని, పాల ప్యాకెట్ కోసం జనం మధ్యలోకి మనమే వెళ్తాం. ఆపమని చెప్పేవాడు పక్కన ఉండడు.

నేనూ మీ అబ్బాయిలాగే విసుక్కుంటూ వెళ్లాను. ఇల్లినాయ్ టెస్టు 30 రౌండ్లు: 5 గజాల నుంచి పది, 7 గజాల నుంచి పది, 10 గజాల నుంచి పది. 21 తగలాలి. ప్రాక్టీసులో నా మొదటి పది చూసి సిగ్గేసింది. అన్నీ కిందికి, ఎడమవైపుకే. ట్రిగ్గర్ నొక్కే ముందే చెయ్యి బిగుస్తోందని ఇన్‌స్ట్రక్టర్ చెప్పారు. మధ్యలో నాకు తెలియకుండా ఉత్త డమ్మీ రౌండు పెట్టి కాల్పించారు. పేలనే లేదు, అయినా పిస్టల్ ముక్కు కిందికి వంగింది. అప్పుడు నమ్మాను. చివరికి 24 తగిలాయి.

అంతకన్నా ముఖ్యం చట్టం గురించిన క్లాసు. స్కూలు, హాస్పిటల్, షికాగోలో తిరిగే సీటీఏ రైలు, ఎక్కడా పెట్టుకోకూడదు. షాపు తలుపు మీద 4 అంగుళాలకు 6 అంగుళాల చిన్న స్టిక్కరు ఉంటే లోపలికి తీసుకెళ్లకూడదు. పోలీసు ఆపి అడిగితే ఏం చెప్పాలి, చేతులు ఎక్కడ ఉంచాలి? ఇవేవీ ఆర్మీ నేర్పదు. ఆర్మీలో ఎప్పుడు కాల్చవచ్చో పైవాళ్లు రూల్స్ ఇస్తారు. ఇక్కడ ఆ నిర్ణయానికి రేపు కోర్టులో మనమే సమాధానం చెప్పుకోవాలి. అబ్బాయిని పంపండి సర్.

హెచ్1బీ_తమ్ముడు
మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నాను. నేనూ అప్లై చేయొచ్చా?

సప్లై_సార్జెంట్
వద్దు తమ్ముడూ. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారమే నేరం. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ లాయర్ని అడగకుండా ముట్టుకోకు. వీసాయే పోతుంది.

మాజీ_మిలిటరీ_పోలీస్
సార్జెంట్‌గారు చెప్పింది ఆయన విషయంలో నిజం. నా విషయంలో కాదు. నేను మిలిటరీ పోలీసుని, డ్యూటీలో పిస్టల్ నడుముకే ఉండేది, పిస్టల్ క్వాలిఫికేషన్, అంటే పిస్టల్ కాల్చే టెస్టు, మళ్లీ మళ్లీ చేశాను. నాకూ, సప్లైలో చేసిన ఆయనకూ ఒకే 8 గంటల తగ్గింపు ఇవ్వడం తెలివైన పని కాదు. డిశ్చార్జి కాగితం "మంచిగా చేశాడు" అని చెబుతుంది, "పిస్టల్ కాల్చడం వచ్చు" అని చెప్పదు. అందుకే పిస్టల్ క్వాలిఫికేషన్ రికార్డు ఉన్నవాళ్లకు రేంజి భాగం మాఫీ చేయాలి, చట్టం క్లాసు మాత్రం అందరికీ ఉంచాలి. రిటైరైన పోలీసులు 2004 నాటి ఫెడరల్ చట్టం కింద ఏ రాష్ట్రంలోనైనా గన్ పెట్టుకోవచ్చు, కానీ వాళ్లు కూడా ఏటా షూటింగ్ టెస్టు పాసవ్వాలి. ఎవరూ దాన్ని అవమానం అనుకోరు.

మిల్వాకీ_మామ
రేంజి సంగతి ఒప్పుకుంటా. కానీ ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. హక్కుకు ముందు పరీక్ష ఏమిటి?

నేపర్‌విల్_లా
2022 జూన్‌లో సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో, అంటే బ్రూయన్ తీర్పులో, బయట గన్ పెట్టుకోవడం హక్కేనని చెప్పింది. సేఫ్టీ కోర్సు అడిగే రాష్ట్రాల పద్ధతిని మాత్రం తప్పుపట్టలేదు. ఇల్లినాయ్ చట్టం కూడా కోర్టు వల్లే వచ్చింది. 2012 డిసెంబరులో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఇక్కడ బయట గన్ పెట్టుకుని తిరగడంపై ఉన్న నిషేధాన్ని కొట్టేశాకే, 2013 జూలైలో, 50 రాష్ట్రాల్లో అన్నిటికంటే చివరగా ఇది క్యారీకి దారి ఇచ్చింది. ఆ 16 గంటలు అప్పుడు పెట్టినవే.

రాత్రి_డ్యూటీ
నేను నర్సుని. మా నాన్నగారు ఇండియన్ ఆర్మీలో 17 ఏళ్లు చేసి, తర్వాత గుంటూరులో బ్యాంకు గన్‌మన్‌గా చేశారు. డ్యూటీ నుంచి రాగానే చొక్కా కూడా మార్చకుండా డబుల్ బ్యారెల్ విరిచి, రెండు తూటాలూ తీసి, బీరువాలో వేరే అరలో పెట్టి తాళం వేసేవారు. తాళంచెవి ఎక్కడ పెట్టేవారో అమ్మకు కూడా తెలియదు.

అరోరా నాన్నగారూ, లైసెన్సు మాట పక్కన పెట్టి ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. అబ్బాయి ఎలా ఉన్నాడు? నిద్రపోతున్నాడా? ఈ దేశంలో మాజీ సైనికుల ఆత్మహత్యల్లో పదింట ఏడుకు పైగా తుపాకీతోనే జరుగుతున్నాయి. మీ అబ్బాయికి అలా ఉందని నేను అనడం లేదు. ఇంటికొచ్చిన కొత్తలో మనిషి తనలో తాను ఎంత మోస్తున్నాడో మనకు తెలియదు, అంతే. ఆ 8 గంటల్లో ఇంట్లో గన్ ఎలా దాచాలి అన్నదానికి ఒక గంట ఎక్కువ ఇచ్చినా నాకు సంతోషమే. వీఏ (మాజీ సైనికుల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ) వాళ్లు గన్‌కు వేసే కేబుల్ లాక్ ఉచితంగా ఇస్తారు, అడగండి. 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల కోసమే మనిషి మాట్లాడతారు. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

అరోరా_నాన్న
అందరికీ థాంక్స్. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా వాడికి చదివి వినిపించాను. "ఆర్మీలో నువ్వు పిస్టల్ కాల్చావా?" అని అడిగాను. వాడు ఫిరంగుల యూనిట్‌లో చేశాడు. కాసేపు అన్నం కలుపుతూ ఊరుకున్నాడు. "ఒకసారి, ఫ్రెండుది" అన్నాడు.

శనివారం క్లాసుకు పేరు ఇచ్చాడు. ఫీజు విషయంలో మాత్రం మిల్వాకీ మామగారితో నేను ఏకీభవిస్తాను. మాజీ సైనికులకు ఆ ఖర్చు రాష్ట్రమే పెట్టుకోవాలని మా రిప్రజెంటేటివ్‌కి ఉత్తరం రాస్తున్నాను.

నర్సమ్మా, నిద్ర సంగతి అడిగారు. తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో లైటు వెలుగుతూ ఉంటుంది. ఇన్నాళ్లూ జెట్‌లాగ్ లాంటిదేమో అనుకున్నాను. నిన్న లేచి వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను, ఇద్దరం టీ తాగాం. కేబుల్ లాక్ కోసం సోమవారం వీఏకి ఫోన్ చేస్తాను.