ఒపెరాకి వద్దన్నవాడు వాడవిల్‌కి ఎలా ఒప్పుకున్నాడు?

పాతరికార్డు:
యోసెలె రోజెన్‌బ్లాట్ (1882–1933) పేరెత్తితే అందరూ చెప్పేది ఒకే కథ. ఉక్రెయిన్‌లో పుట్టి, 1912లో న్యూయార్క్ వచ్చి ఒహాబ్ జెదెక్ అనే సినగాగ్‌లో (యూదుల ప్రార్థనాలయంలో) కాంటర్‌గా, అంటే ప్రార్థనలు పాడి నడిపించే గాయకుడిగా చేరాడు. 1918లో షికాగో ఒపెరా వాళ్లు ఒక్కో ప్రదర్శనకి వెయ్యి డాలర్లు ఇస్తామన్నా మతనిష్ఠతో వెళ్లలేదు. సరే, గొప్పే. మరి కొన్నేళ్లకే వాడవిల్ అనే రకరకాల వినోద ప్రదర్శనల స్టేజీల మీద, గారడీలకీ కామెడీలకీ మధ్య పాడింది ఎవరు?

మంద్రస్థాయి:
ఎందుకు పాడాడో కూడా చెప్పండి మరి. ఒక యూదు పత్రికలో డబ్బు పెట్టి నిండా మునిగాడు, 1925లో దివాలా తీశాడు, ఆ అప్పులు తీర్చడానికే ఊరూరా తిరిగాడు. అప్పుడు కూడా శుక్రవారం రాత్రి, శనివారం, అంటే యూదుల విశ్రాంతి దినమైన సబ్బాత్ పూట స్టేజీ ఎక్కలేదు. వేషం కట్టి ఇంకొకడిలా నటించడం వేరు, ఉన్నవాడు ఉన్నట్టు నిలబడి పాడటం వేరు.

పాతరికార్డు:
షికాగో వాళ్లు కూడా శుక్రవారం పాడొద్దులే, గడ్డం ఉంచుకో అన్నారండీ! అసలు వాళ్లు ఇస్తామన్న పాత్రే యూదు కంసాలిది, గడ్డం లేకపోతేనే ఇబ్బంది. పైగా వద్దని జవాబు రాసింది సినగాగ్ పెద్దలు. త్యాగమంతా ఈయన ఖాతాలో వేస్తే ఎలా?

మంద్రస్థాయి:
అయితే 1927 నాటి 'ది జాజ్ సింగర్' సినిమా చూడండి. అందులో కచేరీ చేస్తూ కనిపిస్తాడు, పాడింది మాత్రం చనిపోయినవాళ్ల కోసం వెలిగించే దీపం మీద యిడ్డిష్ (యూరప్ యూదుల భాష) పాట. కోల్ నిద్రే అనే యూదు ప్రార్థన మాత్రం సినిమాకి పాడనన్నాడు. ప్రార్థనని వినోదానికి అమ్మడు, ఆయన గీత అక్కడుంది.

పాతరికార్డు:
ప్రార్థనలు పాడి గ్రామఫోన్ రికార్డులు అమ్మలేదా మరి?

శ్రుతిపెట్టె:
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు, కాస్త పాట కూడా వినండి బాబూ. గొంతు ఉన్నట్టుండి దొంగ గొంతులోకి ఎగిరి ఏ చప్పుడూ లేకుండా కిందికి దిగుతుంది, మధ్యలో ఏడుపు జీర ఒకటి, ఇప్పటికీ కాంటర్లు దాన్ని అనుకరిస్తూనే ఉన్నారు (చాలామందికి ఏడుపు మాత్రమే వస్తుంది, అది వేరే సంగతి). కానీ ఆ విన్యాసాలు వినేవాళ్లు ఇప్పుడు తక్కువ, సినగాగుల్లో అందరూ కలిసి పాడే బాణీలదే కాలం. నా లెక్కలో ఆయన మిగిల్చిన అసలు ఆస్తి బైబిల్లోని 126వ కీర్తనకి కట్టిన బాణీ. సబ్బాత్ భోజనమయ్యాక ఇంటిల్లిపాదీ పాడుకుంటారు, సంగీతం రాని వాళ్లతో సహా. దాన్ని ఇజ్రాయెల్ జాతీయగీతం చెయ్యాలని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఇంకోటి, 1933లో ఆయన పాలస్తీనా వెళ్లింది సినిమా షూటింగ్‌కే, ఆ పనిలో ఉండగానే జెరూసలేంలో గుండెపోటుతో పోయాడు, 51 ఏళ్లకే. కెమెరా ఆయనకి ముట్టరానిదేమీ కాదు.

పాతరికార్డు:
ఆ బాణీ ఇప్పుడే విన్నా, ఒక్కసారికే పట్టుబడింది. రికార్డుల సంగతికి మాత్రం మంద్రస్థాయి గారు ఇంకా జవాబివ్వలేదు.