ఆరేళ్లుగా నిలిచిపోయిన మాసీ 1035: మొదటిసారి ఇంజన్ విప్పేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పరకాల దగ్గరి ఊరు నుంచి)

అందరికీ నమస్కారం. మా తాతగారు కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు ముప్పై ఏళ్లకు పైగా మా ఇంట్లో ఉంది. వరి మడుల్లో కరిగెట చేసినా, పత్తి బస్తాలను ఏనుమాముల మార్కెట్‌కు చేర్చినా అన్నిటికీ అదే ఆధారంగా ఉండేది. తాతగారు కాలం చేసిన తరువాత బాపు కొత్త బండి తీసుకోవడంతో పాతది ఆరేళ్లుగా చింతచెట్టు కింద నిలిచిపోయింది. పైకి నిలువుగా ఉండే సైలెన్సర్ గొట్టం మీది మూత ఎప్పుడో ఊడిపోయింది, ఆ సంగతి మేమెవరమూ పట్టించుకోలేదు. గత నెలలో కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే ఒక్కసారి టక్కుమన్న చప్పుడు వచ్చింది, ఇంజన్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు.

పాత ఇనుము ధరకు ఇచ్చేయమని చుట్టాలు అంటున్నారు. నాకు మాత్రం దానిని నా చేతులతో విప్పి, అర్థం చేసుకొని, తిరిగి నడిపించాలని గట్టి కోరిక. పంపుసెట్టు మోటారుకు బేరింగులు మార్చడం తప్ప నాకు మరో పని తెలియదు. రింగు పానాలు, డీ పానాలు, బాక్సు పానాల పెట్టె, ఒక జాకీ ఉన్నాయి. కొట్టంలో సిమెంటు నేల ఉంది. పట్టేసిన ఇంజన్‌ను ముందు ఎలా వదిలించాలి, ఎంతవరకు నేను విప్పవచ్చు, ఏ భాగాల జోలికి అసలు పోకూడదు అన్నవి అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (నర్సంపేట, ట్రాక్టరు మెకానిక్)

తమ్ముడూ, ముందుగా సెల్ఫ్ కొట్టడం పూర్తిగా ఆపండి. మూత లేని గొట్టంలో పడిన వాన నీరు, ఇంజన్ ఆగిన సమయానికి ఏ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకొని ఉందో ఆ సిలిండర్‌లోకి దిగి, అక్కడ పిస్టన్ రింగులను లైనర్‌కు, అంటే సిలిండర్ లోపలి గొట్టానికి, తుప్పుతో అతికించి ఉంటుంది. ఇది మూడు సిలిండర్ల ఇంజన్, మిగతా రెండు సిలిండర్లు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. అయితే నీరు గాలిలాగా కుదించుకుపోదు. పిస్టన్ మీద నీరు నిలిచి ఉండగా బలవంతంగా తిప్పితే, పిస్టన్‌ను కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, అప్పుడు చిన్న పని కాస్తా పెద్ద పని అవుతుంది. మన ఊళ్లలో ఇలాంటి బండిని గేరులో వేసి మరో ట్రాక్టరుతో లాగించే అలవాటు ఉంది. ఆ పని చేసిన తరువాత నా దగ్గరకు వచ్చిన ఇంజన్లలో విరిగిన రింగులు, పగిలిన పిస్టన్ గాడులు చాలా చూశాను. ఎవరు ఎంత చెప్పినా లాగించవద్దు.

బ్యాటరీ మైనస్ తీగ తీసేయండి. డీజిల్ కాక్ కట్టేసి, ఇంజన్ పైభాగమంతా డీజిల్‌తో, కుంచెతో శుభ్రంగా కడగండి. కడగకుండా విప్పితే ఆరేళ్ల మట్టి నేరుగా సిలిండర్లలోకి పోతుంది. ఆ తరువాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే మూడు ఇంజెక్టర్లనూ బయటకు తీసి, పైపుల మూతులకు, డీజిల్ పంపు మూతులకు శుభ్రమైన ప్లాస్టిక్ మూతలు పెట్టండి. ఇంజెక్టర్ రంధ్రాల గుండా డీజిలూ పలుచని ఇంజన్ ఆయిలూ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో కాస్త కాస్తగా పోయండి. ప్రతి రోజూ చూస్తూ, తగ్గితే మళ్లీ పోయండి. వారం గడిచాక గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్ ముందు వైపున్న క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవైన పానా తగిలించి, ముందుకు కొంచెం, వెనుకకు కొంచెం ఒత్తి చూడండి. కదలకపోతే మరో వారం ఆగండి. పానాకు గొట్టం తొడిగి బలమంతా పెట్టడం, పిస్టన్ మీద ఇనుప సుత్తితో కొట్టడం చేయవద్దు. కదిలినా సరే స్టార్ట్ చేయాలని చూడవద్దు, ఎందుకంటే లైనర్ మీద ఉన్న తుప్పు గరుకు రాయిలాగా రింగులను అరగదీస్తుంది. సిలిండర్ల పైన మూతలాగా ఉండే హెడ్డు తీసి కళ్లతో చూడవలసిందే.

హెడ్డు విప్పడం ఓపిక ఉన్నవారెవరైనా చేయగల పని. నీళ్లు, ఆయిల్ దించుకోండి. ఆయిల్ దించేటప్పుడు మొదట ఏమి వస్తుందో గమనించండి: నీరు బరువు కనుక ముందు నీరే వస్తే అది సిలిండర్ పక్క నుంచి కిందికి దిగిందని అర్థం. బానెట్టు, ఇంజన్ పైన కూర్చొని ఉండే డీజిల్ ట్యాంకు, రేడియేటర్ హోసు, మానిఫోల్డులు తీసేటప్పుడు ప్రతి దశలో ఫోన్‌తో రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీయండి. బోల్టులన్నిటినీ ఒకే డబ్బాలో వేయకుండా, ఏ భాగం బోల్టులను ఆ భాగం పేరు రాసిన సంచిలో వేయండి. వాల్వులను నొక్కే రాకర్ల షాఫ్ట్ తీశాక, ఆ రాకర్లను కింది నుంచి నెట్టే ఆరు పుష్ రాడ్లు కనిపిస్తాయి. ఒక అట్టకు ఆరు రంధ్రాలు చేసి, ఏది ముందు వైపో రాసి, వాటిని అదే వరుసలో గుచ్చిపెట్టండి. ఇన్నేళ్లుగా ఒకదానితో ఒకటి అరిగి కుదురుకున్న జంటలను విడగొట్టి కలిపితే అరుగుదల మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

హెడ్డు నట్లను ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, బిగించే వరుసకు సరిగ్గా వెనుకనుంచి, అంటే చివరల నుంచి మధ్యకు వస్తూ, ఒక్కో నట్టును పావు చుట్టు చొప్పున వదులు చేయండి. ఒక వైపు పూర్తిగా వదిలేసి మరో వైపు బిగువుగా ఉంచితే హెడ్డు వంగే ప్రమాదం ఉంది. నట్లన్నీ పోయినా హెడ్డు అతుక్కొనే ఉంటుంది. గ్యాస్కెట్ సందులో స్క్రూ డ్రైవర్ దూర్చి తన్నితే ఆ గీత జీవితాంతం నీరు కారుతుంది, కనుక కట్టె సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టి, ఇద్దరు మనుషులు పట్టుకొని నిలువుగా లేపండి.

అక్కడ ఆగి, చూసినదానిని ఇక్కడ రాయండి. ఇంజెక్టర్లకు డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపును మాత్రం ఎట్టి పరిస్థితిలో విప్పవద్దు. దాని లోపలి భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఉంటుంది, దానిని పరీక్షించే బెంచీ ఉన్న పంపు రూముకే ఇవ్వాలి. ఇంజెక్టర్లను బయట పెట్టి ఎలా చిమ్ముతున్నాయో చూడాలని చేతిని దగ్గర పెట్టడం ప్రాణాపాయం. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలాగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయం అది.

జవాబు (హుజూరాబాద్, రైతు)

నేను నా పాత బండిని రెండుగా విడదీసి మరీ పని చేయించాను. క్లచ్ ప్లేటు కూడా చూసుకోవచ్చు కనుక, ఎలాగూ విప్పుతున్నప్పుడు పూర్తిగా విప్పడమే మేలని నా అభిప్రాయం. కానీ ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. ట్రాక్టరుకు కారులాగా కింద ఛాసిస్ ఉండదు, ఇంజనే దాని వెన్నెముక. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. క్లచ్ హౌసింగ్ దగ్గర బోల్టులు వదలగానే ముందు సగం ఆ పిన్ను మీద పక్కకు ఒరుగుతుంది. మేము జాకీ ఒక్కటే పెట్టి, ఇరుసుకూ దాని పైనున్న దిమ్మకూ మధ్య కట్టె ముక్కలు దిగగొట్టడం మరిచిపోయాము. బండి ఒరిగి మా తమ్ముడి రెండు వేళ్లు నలిగాయి. రెండు వైపులా కట్టె ముక్కలు, ఇంజన్ కింద గట్టి స్టాండ్లు, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టిన తరువాతే పానా ముట్టండి.

జవాబు (వరంగల్, లేత్ షాపు)

పై ఇద్దరూ చెప్పినది సరైనదే. మా దగ్గరకు ఇంజన్లు విప్పిన తరువాత వస్తాయి కనుక నేను కొలతల గురించి చెబుతాను. కొలిపించకముందు ఏ సామానూ కొనవద్దు. పిస్టన్లు, రింగులు, బేరింగుల సెట్టు మొత్తం ముందే కొని సంచిలో తెచ్చేవారు చాలామంది ఉంటారు, తీరా క్రాంక్ షాఫ్ట్ కొలిస్తే అది ఇదివరకే ఒకసారి గ్రైండింగ్ అయి సన్నబడి ఉంటుంది, తెచ్చిన బేరింగులు పనికిరావు. క్రాంక్ షాఫ్ట్ చుట్టూ సగం సగంగా కూర్చునే పాత షెల్ బేరింగు వెనుక భాగం తుడిచి చూడండి, దాని సైజు అక్కడే గుద్ది ఉంటుంది. మనం పది, ఇరవై, ముప్పై అని పిలిచే సైజులు అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, అంటే దాదాపు 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల తగ్గింపు.

పిస్టన్లు తీయవలసి వస్తే రెండు పనులు ముందు చేయాలి. ఒకటి, కనెక్టింగ్ రాడ్డుకూ దాని కింది క్యాపుకూ ఒకే నంబరు గుద్ది ఉందేమో చూడటం. ఆ రెండింటినీ కలిపి బిగించే బోరు చేస్తారు కనుక ఒకదాని క్యాపు మరొకదానికి సరిపోదు. రెండవది, లైనర్ పై అంచున వేలితో తడిమి చూడటం. పై రింగు తిరిగి మళ్లే చోటు వరకు లైనర్ అరిగి, దాని పైన అరగని అంచు గట్టులాగా మిగులుతుంది. ఆ గట్టును, దాని మీది మసిని తీయకుండా పిస్టన్‌ను పైకి నెడితే రింగుల మధ్య గోడలు విరుగుతాయి. నెట్టేముందు రాడ్డు బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడిగితే బేరింగు కూర్చునే క్రాంక్ జర్నల్ మీద గీతలు పడవు.

లైనర్‌ను పైన, మధ్యలో, కింద, ప్రతి చోటా రెండు దిక్కుల్లో కొలవాలి. ఒకే దిక్కులో కొలిస్తే గుండ్రం తప్పిన సంగతి దొరకదు. మూడింటిలోనూ పైభాగం బాగా అరిగి ఉంటే తప్పు ఎక్కడో గాలి దారిలో ఉందని అనుకోవాలి. ఎయిర్ క్లీనర్ నుంచి మానిఫోల్డుకు పోయే రబ్బరు హోసు చీలితే యాసంగి కోతల దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. ఆ హోసు మార్చకుండా కొత్త లైనర్లు వేయించుకోవడం డబ్బును దుమ్ములో పోయడమే. ఇంకో మాట: సిలిండర్లుండే బ్లాకును, హెడ్డును మేము వేడి కాస్టిక్ సోడా తొట్టిలో వేసి కడుగుతాము, పోత ఇనుముకు ఏమీ కాదు. ఇంట్లో అదే పని చేయాలని అల్యూమినియం పిస్టన్లను సోడాలో వేయవద్దు, అవి కరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పదకొండవ రోజున పుల్లీ నట్టు మొదటిసారి కదిలింది. నిన్న బాపు, నేను కలిసి హెడ్డు లేపాము. మీరు చెప్పినట్టే ఒకటవ, మూడవ సిలిండర్లు నల్లగా ఉన్నా నునుపుగా ఉన్నాయి. మధ్య సిలిండర్‌లో సగం లోతున చుట్టూ ఎర్రటి పట్టీలాగా తుప్పు ఉంది. ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు కూడా తుప్పు పట్టింది. ఆయిల్ దించినప్పుడు మొదట ఒక గ్లాసుడు నీరు వచ్చింది. ఆ పట్టీని ఎమెరీ కాగితంతో రుద్ది, కొత్త గ్యాస్కెట్ వేసి మూసేయవచ్చునా?

జవాబు (వరంగల్, లేత్ షాపు)

నూనెలో తడిపిన సన్నని ఎమెరీ కాగితంతో తేలికగా రుద్దండి, కానీ అది బాగు చేయడానికి కాదు, లోతు తెలుసుకోవడానికి. రుద్దిన పొడి కిందికి జారకుండా పిస్టన్ చుట్టూ గుడ్డ కుక్కి, తరువాత అంతా తుడవండి. పైపై మరక మాత్రమే అయితే పోతుంది. గోరు ఆనిస్తే తగిలే గుంటలు మిగిలితే, అవి రింగు ప్రయాణించే దారి మధ్యలోనే ఉన్నాయి కనుక, కంప్రెషన్, అంటే కుదించిన గాలి ఒత్తిడి, అక్కడ కారుతుంది, ఆయిల్ అక్కడ కాలుతుంది. అలాంటి లైనర్ మార్చవలసిందే. పైగా ఆయిల్‌లోకి నీరు దిగింది కనుక ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పి, మధ్య సిలిండర్ రాడ్డు బేరింగును, క్రాంక్ షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులను కూడా చూడక తప్పదు. క్యాపులను ఒక్కొక్కటిగా విప్పి, చూసి, అదే చోట అదే దిక్కున తిరిగి పెట్టండి.

వాల్వుల సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. హెడ్డును బోర్లా పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి, వాల్వులు మూసి ఉండగా పోర్టులో కిరోసిన్ పోసి పది నిమిషాలు చూడండి. వాల్వు ఆనే సీటు దగ్గర చెమ్మ కనిపిస్తే గ్రైండింగ్ చేయించాలి. ఆ ఎగ్జాస్ట్ వాల్వు చెమర్చకుండా ఉంటుందని నేను అనుకోవడం లేదు. లైనర్ గట్టిగా బ్లాకులోకి దిగగొట్టే పొడి రకమైతే దానిని ప్రెస్సు మీదే మార్చాలి, కనుక బ్లాకును షాపుకు తేవలసి వస్తుంది.

జవాబు (నర్సంపేట, ట్రాక్టరు మెకానిక్)

బ్లాకు వరంగల్ పోవాలంటే బండిని విడదీయక తప్పదు. ఇంజన్ ముందు వైపు కవరు తీసి, ఒకటవ సిలిండర్ రెండు పుష్ రాడ్లను వాటి చోట పెట్టి చూస్తే రెండూ కిందికి దిగి ఉండగా పిస్టన్‌ను పైకి తెచ్చి, వాల్వులను, డీజిల్ పంపును సమయానికి నడిపే టైమింగ్ గేర్ల గుర్తులకు ఫొటో తీయండి. మధ్య ఐడ్లర్ గేరు గుర్తులు ప్రతి చుట్టుకూ కలవవు. కలవడం లేదని కంగారు పడకుండా, ఏ పన్ను ఏ పన్నుతో ఉందో తెల్ల రంగుతో గుర్తు పెట్టుకుంటే చాలు. అంతవరకు మీరు చేయండి. విడదీసే రోజున మాత్రం మీరూ బాపు ఇద్దరే చేయవద్దు, నేను వస్తాను. రోహిణి కార్తె వచ్చిందంటే నాకు వానాకాలం బండ్ల పని తీరదు, కనుక అంతకు ముందే రోజు చెప్పండి. చైన్ బ్లాక్, స్టాండ్లు నేను తెస్తాను. ఇరుసు మీద దిగగొట్టడానికి గట్టి తుమ్మ కట్టె ముక్కలు నాలుగు మీరు కోయించి ఉంచండి.